ఎడమ చెవి

మనిషి కింద పడ్డాడు. అందరూ ముందు చూసింది గాజు పలకల పెట్టె వంక.

అది ఎక్కడా పగలలేదని తేలాకే ఎవరో "అయ్యో" అన్నారు. ఆ "అయ్యో" కూడా సగంలోనే ఆగిపోయింది. కొట్టినవాడు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు మరి. బరువు మోసే పట్టీ వాడి పిడికిలికి చుట్టి ఉంది. దాని ఇనుప కొక్కెం వేళ్ల మీదుగా బయటికి కనిపిస్తోంది. కంటైనరు లోపల సగం చీకటి, రేకు వేడి, కొత్త చెక్క వాసన. కింద పడ్డ పెద్దాయన ఎడమ చెవి మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. తీసి చూసుకున్నాడు. మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం మెడ మీదికి దిగింది.

"నాకేం కాలేదు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "పెట్టె చూడండి. ఒక పక్కకి ఒరిగింది."

పెట్టెకి ఎడమవైపు ముందు మూల పట్టీ పట్టుకుని నిలబడ్డ మనిషిని గోదాంలో అందరూ బావ అంటారు. కొట్టినవాడు అతని బామ్మర్దే, భార్యకి సొంత తమ్ముడు. పనిలో చేర్పించిన మొదటిరోజు వాడు "బావా, మంచినీళ్లెక్కడ?" అని గోదాం దద్దరిల్లేలా అరిచాడు. ఆ పూట నుంచి లోడింగువాళ్లకీ, పెట్టెలెత్తే ఫోర్కు బండి నడిపేవాడికీ, గేటు దగ్గర వాచ్‌మన్‌కీ, చివరికి మేనేజరుకి కూడా అతను బావే అయిపోయాడు. వయసులో చాలా పెద్దవాడైన పెద్దాయన సైతం సరదాకి అలాగే పిలిచేవాడు. "ఒక్క ఇంటి పిల్లని చేసుకుంటే ఇంతమంది బామ్మర్దులు దొరికారు, నా అదృష్టం చూడండి," అని బావ నవ్వేవాడు.

ఇప్పుడు మాత్రం పట్టీ వదలకుండా నిలబడిపోయాడు. చెయ్యి చాపితే అందేంత దూరంలో జరిగింది అదంతా. పిడికిలి లేవడం, పెద్దాయన దాన్ని చూడకపోవడం, చప్పుడు, అన్నీ చూశాడు.

గాజు పలకల పెట్టెలు ఒకరిద్దరు ఎత్తేవి కావు. ఫోర్కు బండి కంటైనరు లోపలి కొస దాకా రాదు. అందుకని పెట్టె కింద నుంచి పట్టీలు వేసి, ఇటు ముగ్గురు అటు ముగ్గురు భుజాలకి తగిలించుకుని, కంటైనరు మూతి దాకా మోసుకొస్తారు. ముందు నిలబడి మోతని నడిపించేది పెద్దాయన. ఆయన "ఎత్తు" అనే ముందు "ఉన్నారా?" అని అడుగుతాడు. కుడివైపు నుంచి మొదలుపెట్టి వరసగా ఒక్కొక్కరు "ఉన్నా" అనాలి. ఒక్కడు అనకపోయినా పెట్టె లేవదు. గ్లవ్ జారిందా, చెమట కంట్లో పడిందా, ఊరికే మనసు ఒప్పుకోలేదా, ఎవరూ కారణం అడగరు. అలా అడక్కపోవడమే అందులో మర్యాద. కంపెనీ గోడలనిండా అంటించిన జాగ్రత్తల్లో ఈ మాట ఎక్కడా లేదు. పెద్దాయన తెచ్చి పెట్టిన అలవాటు అది. ఆయన నడిపించిన మోతలో ఒక్కడి వేలు కూడా నలగలేదు.

బామ్మర్దిని ఈమధ్యే ఆ జట్టుకి లీడరుని చేశారు. మేనేజరు ముద్దుగా పెట్టిన పేరు స్పీడు. ఆ పేరు పడ్డ దగ్గర్నుంచి వాడి కాలు నేల మీద నిలవడంలేదు. "ఉన్నారా, ఉన్నా, ఇదేం హాజరు పట్టీనా?" అని గొణిగేవాడు. ఆ రోజు చివరి మూలలో ఉన్న బక్కోడి గ్లవ్ చిరిగింది, వాడు పట్టీ సర్దుకుంటున్నాడు. వాడి "ఉన్నా" రాలేదు. పెద్దాయన ఆగాడు.

"ఎత్తండి," అన్నాడు స్పీడు.

"ఇంకొకడు ఉన్నాడు బాబూ."

"ఎత్తమని నేను చెప్తున్నా."

"నువ్వు చెప్తే పెట్టెకి వినపడదు కదయ్యా. వాడి వేళ్లు కింద ఉన్నాయి."

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు, బామ్మర్దిని ఆటపట్టించే హక్కు అందరికంటే తనకే ఎక్కువ కాబట్టి కాస్త గట్టిగానే నవ్వాడు. ఆ నవ్వు ఇంకా పూర్తికాకముందే పిడికిలి లేచింది.

*

మర్నాడు మేనేజరు ఒక్కొక్కరినే గదిలోకి పిలిచాడు.

"రండి బావగారూ, కూర్చోండి."

ఇన్నేళ్లలో ఆ గదిలో అతన్ని కూర్చోమన్నది అదే మొదటిసారి. కుర్చీ మెత్తగా ఉంది. బావ దాని అంచున కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. గోళ్ల కింది నలుపు అంత వెలుతురులో మరీ నల్లగా కనిపించి, వేళ్లు లోపలికి ముడుచుకున్నాడు.

మేనేజరు ఫ్లాస్కులోంచి వేన్నీళ్లు వంచుకుని ఊదుకుంటూ అన్నాడు. "నిన్న ఏదో జరిగిందట. లోపల చీకటిగా ఉంటుంది కదా. పెద్దవాడు, కాలు జారి ఉంటుంది."

బావ గ్లాసు మీది ఆవిరి వంక చూశాడు.

"మీవాడు మంచి పనివాడు. కాస్త దుడుకు, అంతే. వయసు అలాంటిది. ఇంట్లో మీ ఆవిడ కూడా కంగారు పడుతుంటారు పాపం." గ్లాసు కింద పెట్టాడు. "మీరేం చూశారు?"

"నేను... పట్టీ సర్దుకుంటున్నా సార్," బావ నీళ్లు నమిలాడు. "అటు తిరిగి ఉన్నా."

"అంటే చూడలేదు."

"అటు తిరిగి ఉన్నా సార్."

"చూడలేదన్నమాట. మంచిది. మీలాంటి పెద్దమనుషులుంటేనే నాలుగు రోజులు పని సాగుతుంది."

మధ్యాహ్నానికి తీర్పు వచ్చింది. ఇద్దరూ మాటా మాటా అనుకున్నారట. తోపులాటలో పెద్దాయన జారి పడ్డాడట. పడినవాడు విచారణ తేలేదాకా ఇంటి దగ్గరే ఉండాలట. బండ్లు వరసగా వస్తున్నాయి కాబట్టి తోసినవాడు మాత్రం పనిలో ఉండాలట. చెవిలోంచి రక్తం కారినవాడు ఇంటికి, కార్పించినవాడు డ్యూటీకి! ఇంత పచ్చిగా చేసిన పనికి వాళ్లు పెట్టిన పేరు 'ఇరుపక్షాలకీ న్యాయం'. గేటు పక్కన 'ప్రమాదం లేని రోజులు' అని ఒక బోర్డు ఉంటుంది. మర్నాడు పొద్దున అందులో అంకె యథాప్రకారం ఒకటి పెరిగింది. కొట్లాట ప్రమాదం కింద రాదట మరి.

లోడింగువాళ్లలో ఒక్కడూ నోరు మెదపలేదు. టీ తాగేచోట బక్కోడు చిరిగిన గ్లవ్‌ని సూదితో కుట్టుకుంటూ కూర్చున్నాడు, తల ఎత్తకుండా. బావ వెళ్లి పక్కన కూర్చుంటే కొంచెం జరిగాడు. చోటు ఇవ్వడానికో, దూరం జరగడానికో బావకి అర్థం కాలేదు.

*

పని దిగాక బావ పెద్దాయన ఇంటికి వెళ్లాడు. పంక్చర్లు వేసే షాపు పైన ఒక్క గది. మెట్లకి ఒకవైపే కమ్మీ. పెద్దాయన మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తలకి అడ్డంగా కట్టు, ఎడమ చెవి మీద దూదిమెత్త. కూతురు స్టూలు తెచ్చి వేసింది. బావ కూర్చున్నాడు. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కసారిగా బయటికి తోసేశాడు.

"నేను చూడలేదు పెద్దాయనా. ఒట్టు. ఆ టైములో పట్టీ సర్దుకుంటున్నా, అటు తిరిగి ఉన్నా. చూసుంటే చెప్పేవాణ్ణి కాదా?"

పెద్దాయన ఎదురుగోడ వంక చూస్తూ కూర్చున్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

కూతురు టీ గ్లాసు అందిస్తూ నెమ్మదిగా అంది. "అటువైపు వినపడదు బాబాయ్. ఇటు వచ్చి చెప్పండి."

ఆ పిల్ల గొంతులో కోపమైనా ఉంటే బాగుండేది. అతను లేచి, స్టూలు ఎత్తుకుని, మంచం చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చాడు. పెద్దాయన అప్పుడు చూసి నవ్వాడు.

"బావా! ఎప్పుడొచ్చావు?"

అబద్ధాన్ని రెండోసారి చెప్పడానికి మొదటిసారికంటే ఎక్కువ సిగ్గు వదులుకోవాలి. బావ వల్ల కాలేదు.

"టీ బాగుంది," అన్నాడు.

"పనెలా ఉంది?"

"అలాగే ఉంది."

"మోతకి ముందు అడుగుతున్నారా?"

బావ టీ గ్లాసులోకి చూశాడు. స్పీడు ఇప్పుడు అడగడంలేదు. 'ఎత్తు' అంటాడు, అంతే. పొద్దున ఒక పెట్టె మూల గోడకి కొట్టుకుంది కూడా.

పెద్దాయన తనే మాట మార్చాడు. "ఈ చెవి ఇక రాదన్నాడు డాక్టరు. లోపల పొర చినిగి, ఎముక కూడా కదిలిందట. కంపెనీవాళ్లకి ఫోను చేశా. ఒక చెవితో మోత నడిపించలేవు, ఇంకెవరైనా చూసుకుంటారు, నువ్వు ఇంటి దగ్గరే ఉండు అన్నారు."

"వాళ్లే కొట్టించి, చెవి లేదని వాళ్లే వెళ్లగొడుతున్నారు," అంది కూతురు.

"కొట్టించలేదమ్మా, ఊరుకో." ఆయన దుప్పటి అంచు మడతపెడుతూ, విప్పుతూ, మళ్లీ మడతపెడుతూ అన్నాడు. "చెవి సంగతి వాళ్లన్నది అబద్ధం కాదు బావా. ఎడమవైపు వాళ్లు 'ఉన్నా' అంటే నాకు వినపడదు. వినపడకుండా ఎత్తమని ఎలా అంటాను? నువ్వు ఎడమవైపే కదా?"

"అవును."

"అదీ సంగతి."

కూతురు గుమ్మం దాకా వచ్చింది. "నాన్న ఉద్యోగం కోసం కాదు బాబాయ్. అది పోయినా నేను కుట్టుపని చేసి లాక్కొస్తా. జారి పడ్డాడని అంటున్నారు చూడండి, అది తట్టుకోలేకపోతున్నాడు. బరువు మోసేవాళ్లలో అంత జాగ్రత్త మనిషి లేడని పేరు. ఆయన కాలు జారిందట! జారలేదని ఒక్కరు చెప్తే చాలు."

లోపల్నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "ఎవర్నీ ఏమీ అడక్కమ్మా. వాళ్లకీ ఇళ్లున్నాయి."

బావ కమ్మీ పట్టుకుని మెట్లు దిగాడు. పోయి పోయి చెవిటి చెవిలో ఒట్టేసి వచ్చాడు.

*

మర్నాడు సాయంత్రం ఎప్పట్లాగే బామ్మర్ది భోజనానికి వచ్చాడు. పక్క వీధిలో గది తీసుకున్నా వాడి కంచం ఈ ఇంట్లోనే. అక్క వడ్డిస్తూ వాడి చేతి వంక చూసింది. వేళ్ల కణుపుల మీద చర్మం లేచిపోయి, పొక్కు కట్టి ఉంది.

"అదేంట్రా?"

"పట్టీ గీసుకుంది."

"పెద్దాయన్ని కొట్టావట."

"ఎవరు చెప్పారు?" వాడు బావ వంక చూశాడు. బావ కంచంలోకి చూశాడు. "తోశానక్కా, అంతే. మేనేజరు కూడా అదే అన్నాడు."

"నేను మేనేజర్ని అడగలేదు. తోస్తే కణుపులు పగులుతాయా?"

"అందరూ నా మీద నవ్వారక్కా! లీడర్ని, నేను ఎత్తమంటే ఒక్కడూ కదల్లేదు. ఆ ముసలాయన జోకు వేస్తే అందరూ పగలబడి నవ్వారు. బావ కూడా నవ్వాడు, అడుగు కావాలంటే."

"బావ రోజూ నవ్వుతాడు నీ మీద. మరి ఆయన్ని కొట్టలేదేం?"

వాడు కంచం పక్కకి తోశాడు. కూర వేస్తానంటే వద్దన్నాడు. చెయ్యి కడుక్కుని, చెప్పులు సగం తొడుక్కునే వెళ్లిపోయాడు. ఆమె గిన్నెల మీద మూతలు పెట్టి, వచ్చి భర్త ఎదురుగా కూర్చుంది.

"మీరు చూశారు."

బావ కంచంలో మెతుకులు కెలికాడు.

"చూసి, చూడలేదన్నారు."

"ఏం చెయ్యమంటావు మరి? నీ మొహం చూసి ఊరుకున్నా. వాడు నీ తమ్ముడు. రేపు వాడికేమన్నా అయితే నీ కంట నీళ్లు చూడాల్సింది నేనే కదా."

ఆమె చీరకొంగుతో బల్ల మీద పడ్డ నీటిచుక్క తుడిచింది.

"నా తమ్ముడని నోరు మూసుకున్నారా, మీ ఉద్యోగమని మూసుకున్నారా? ఏదో ఒకటి తేల్చుకోండి. నా మీద మాత్రం పెట్టకండి. నేను అడిగానా మిమ్మల్ని ఊరుకోమని?"

"అడగలేదు."

"వాడి పని పోతే నా ఇంట్లో తింటాడు. ఇప్పుడూ అదే కదా చేస్తున్నాడు. ఏడిస్తే నేను ఏడుస్తా, అది నా బాధ. ఆ పెద్దాయన ఎవరింట్లో తినాలి?" ఆమె తమ్ముడు వదిలిన కంచం దగ్గరికి లాక్కుంది. "ఇవాళ ఆయన, రేపు ఇంకొకరు. వాడు మంచివాడేనండీ. కానీ కొట్టినా ఏమీ కాదని మీరంతా కలిసి వాడికి నేర్పుతున్నారు."

బావ కంచంలో చెయ్యి అలాగే ఎండిపోయింది.

*

విచారణకి పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. మెరిసే బూట్లు, నెత్తి మీద గోదాంవాళ్లిచ్చిన పసుపు టోపీ. విచారణ అంటే మేనేజరుతో కాఫీ తాగి, గోదాం ఒక చుట్టు చుట్టి రావడమని అప్పటికే అందరికీ అర్థమైపోయింది. కంపెనీ ఇచ్చిన జాకెట్టూ బూట్లూ అప్పగించి పొమ్మని పెద్దాయన్ని కూడా ఆ పూటే రమ్మన్నారు. ఉతికి మడతపెట్టిన జాకెట్టుని రెండు చేతుల మీదా పట్టుకుని, కంటైనరుకి పక్కగా, ర్యాంపు కింద నిలబడ్డాడాయన. కూతురు పక్కనే ఉంది. ఎవరూ కూర్చోమనలేదు.

లోపల ఇంకొక గాజు పెట్టె. పట్టీలు వేశారు. ముగ్గురు కుడివైపు, ముగ్గురు ఎడమవైపు. ముందు మూల బావది. మూతి దగ్గర పై ఆఫీసాయనా, మేనేజరూ నిలబడ్డారు. చూస్తున్నారు కదా అని స్పీడు గొంతు పెంచాడు.

"ఎత్తు!"

వీపులు వంగాయి. పెట్టె లేవలేదు. బావ పట్టీ బిగించలేదని అందరి భుజాలకీ తెలిసిపోయింది.

"బావా, ఏంటి? ఎత్తు."

"నువ్వు అడగలేదు."

"ఏం అడగాలి?"

"ఉన్నారా అని."

"ఇప్పుడదంతా..." స్పీడు పళ్లు బిగించాడు. "పెద్దవాళ్లు చూస్తున్నారు బావా, పరువు తియ్యకు."

"ఏంటి ఆలస్యం?" అన్నాడు పై ఆఫీసాయన.

"ఏం లేదు సార్. మావాళ్ల అలవాటు ఒకటుంది," మేనేజరు నవ్వు పులుముకున్నాడు. "అడగవయ్యా, అదేదో."

స్పీడు మెడ నరాలు ఉబ్బాయి. "ఉన్నారా?"

"ఉన్నా," అంది కుడివైపు ముందు మూల. "ఉన్నా." "ఉన్నా."

ఇప్పుడు బావ వంతు.

అతను అనలేదు. రూలు ప్రకారం కారణం ఎవరూ అడక్కూడదు. అడక్కపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాడు కూడా. ఊరికే నిలబడి, పెట్టె లేవకుండా చేసి, ఆ పూటకి అంతటితో సరిపెట్టుకోవచ్చు. కానీ ర్యాంపు కింద ఆ మడతపెట్టిన జాకెట్టు కనిపిస్తోంది.

"ఏమైంది బావగారూ?" మేనేజరు అడిగాడు, ముద్దుగానే.

"నేను అటు తిరిగి లేను సార్."

"ఏంటీ?"

"ఆ రోజు నేను అటు తిరిగి లేను. ఇదిగో, ఇదే మూలలో ఇలాగే ఉన్నా." ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. "పెద్దాయన కాలు జారలేదు. తోపులాట లేదు. ఆయన చెయ్యి కూడా ఎత్తలేదు. వీడు కొట్టాడు, పట్టీ పిడికిలికి చుట్టుకుని. నేను చూశాను. మీ గదిలో అబద్ధం చెప్పా."

"బావా!"

మొదటిరోజు మంచినీళ్లెక్కడని అరిచిన గొంతే అది. ఎటు వెళ్లాలో తెలియనివాడి గొంతు. అయినా బావ వాడి వంక చూడటం మానలేదు.

"ఇవన్నీ ఇక్కడ మాట్లాడేవి కావు," మేనేజరు ముందుకు వచ్చాడు. "తర్వాత గదిలో..."

"నేనూ చూశా," అన్నాడు ఎడమవైపు చివరి మూలలో ఉన్న బక్కోడు. వాడి వంతు ఇంకా రాలేదు. మధ్యలో ఉన్నవాడిని దాటేసి అనేశాడు. "నా వేళ్ల కోసమే ఆగాడాయన. ఇవిగో వేళ్లు." కుట్టు వేసిన గ్లవ్ తీసి చూపించాడు.

మధ్యలోవాడు తల వంచుకుని నిలబడ్డాడు. కుడివైపు అప్పటికే "ఉన్నా" అన్న ముగ్గురిలో ఒకతను భుజం మీది పట్టీ దించి పెట్టె మీద వేశాడు. తర్వాత ఇంకొకతను. మూడో అతను అటూ ఇటూ చూసి, చివరికి తనూ దించాడు.

"బోర్డు మీద అంకె మార్చాలి కదా అయితే," అన్నాడు ఫోర్కు బండివాడు బయటి నుంచి, ఎవరితోనో అన్నట్టు. ఎవరూ నవ్వలేదు. పై ఆఫీసాయన టోపీ తీసి, మేనేజరు వంక తిరిగాడు. మేనేజరు దగ్గర ఇప్పుడు వేన్నీళ్ల గ్లాసు లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. స్పీడు తన కణుపుల మీది పొక్కు వంక చూసుకుంటున్నాడు.

కింద పెద్దాయన కూతుర్ని అడుగుతున్నాడు. "ఏమంటున్నారు? ఎందుకు ఆపారు?" కంటైనరు ఆయనకి ఎడమవైపు ఉంది.

ఆ పిల్ల చెప్పబోయింది. చెప్పకుండా ఆగి, బావ వంక చూసింది.

బావ ర్యాంపు దిగి వచ్చాడు. పెద్దాయన ఎడమ భుజం పక్కకి వచ్చి, ఆగి, వెనకగా చుట్టూ తిరిగి కుడివైపు వెళ్లి నిలబడ్డాడు.

"మీరు జారలేదు పెద్దాయనా," అన్నాడు, వినపడేలా. "వాడు కొట్టాడు. నేను చూశాను. వాళ్లకి చెప్పా."

పెద్దాయన కాసేపు అతని మొహంలోకి చూశాడు. జాకెట్టు పట్టుకున్న చేతులు కొంచెం కిందికి దిగాయి.

"మొన్న ఇంటికొచ్చి అటువైపు కూర్చుని ఏదో చెప్పావట. అమ్మాయి అంది. ఇదేనా?"

"కాదు," అన్నాడు బావ. "అది వేరేది."

"అలాగా." పెద్దాయన తల ఊపాడు. "మంచిదే అయింది. అది నాకు వినపడలేదు."